బదరీవృక్షం క్రింద ప్రవక్త: నిరుత్సాహంలో దేవుని ఆదరణ
(కరువు సీమలో పరిచర్య చేసే సంఘకాపరుల కొరకు ఒక వాక్య పరిశీలన)

ఉపోద్ఘాతం

పెనుకొండ దాటి బెంగళూరు వైపు జాతీయ రహదారి వెంట సాగితే సోమందేపల్లె వస్తుంది. 2022 వరకు ఇది అనంతపురం జిల్లాలోని ఊరు. ఆ ఏడాది జరిగిన జిల్లాల పునర్విభజన తర్వాత శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారినా ఈ పీఠభూమి మీద వాన లెక్క మారలేదు. పశ్చిమ కనుమల వెనుక నీడలో పడిపోయిన ఈ ప్రాంతానికి నైరుతి మేఘాలు వట్టివై వస్తాయి, ఈశాన్య మేఘాలు సముద్రం నుండి ఇంత దూరం రాకముందే చాలావరకు కురిసిపోతాయి. పాత అనంతపురం జిల్లాలో సంవత్సరానికి సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ సమయానికి పడుతుందన్న నమ్మకం లేదు. పదును వాన పడగానే రైతు అప్పు తెచ్చి వేరుశనగ విత్తుతాడు. ఊడలు దిగే వేళకు వాన తప్పిపోతే చెట్టు పచ్చగా కనిపించినా కాయ పట్టదు. పంట పోతుంది, అప్పు మిగులుతుంది. బోరు వేస్తే నీరు పడకపోవచ్చు. అప్పుడు రెండు అప్పులు మిగులుతాయి.

ఇటువంటి ఊళ్ళలో పరిచర్య చేసే కాపరికి కరువు లెక్క ఆదివారం ఉదయం ఆరాధనలోనే తెలుస్తుంది. పోయిన వారం కూర్చున్న కుటుంబం ఈ వారం ఉండదు. ఇంటికి తాళం వేసి బెంగళూరులో కట్టడపు పనికి వెళ్ళి ఉంటుంది. మిగిలేది ముసలివారు, పిల్లలు. కానుకల సంచి తేలికవుతుంది. కాపరి ఇంట్లో పొయ్యి కూడా ఆ సంచి మీదే ఆధారపడి ఉంటుంది. ఆ స్థితిలో అతడు లేచి నిలబడి, తాను స్వయంగా నిరుత్సాహంలో ఉండి, నిరుత్సాహంలో ఉన్నవారితో మాట్లాడాలి. ఏమి మాట్లాడాలి?

మన ప్రసంగ వేదికల మీద రెండు జవాబులు ఎక్కువగా వినబడుతున్నాయి. మొదటిది: నిజమైన విశ్వాసం ఉంటే నిరుత్సాహం దరిచేరదు. రెండవది: కష్టం వచ్చిందంటే ఎక్కడో పాపం దాగి ఉంది. ఈ రెండూ వినేవారి భారాన్ని తగ్గించవు; ఉన్న భారం మీద మరో మూట పెడతాయి. ఈ రెండు జవాబులకూ లేఖనాల్లో ఆధారం లేదని, దేవుడు తన సేవకుని ధైర్యపరచిన విధానంలో ఒక క్రమం ఉందని, ఆ క్రమమే మన కాపరి పరిచర్యకు మాదిరి కావాలని ఈ వ్యాసంలో చూపడానికి ప్రయత్నిద్దాం. ఇందుకు ఆధారంగా 1 రాజులు 17–19 అధ్యాయాలను తీసుకుందాం. అది కరువు కాలపు కథ గనుక కరువు సీమ చదువరులకు అది పరాయి కథ కాదు.

1. పద పరిశీలన: ఆదరణ, హెచ్చరిక, ధైర్యం

క్రొత్త నిబంధనలో ధైర్యపరచుట అనే భావానికి ప్రధానమైన గ్రీకు పదం 'పారాక్లేసిస్'. పక్కకు పిలుచుట, పక్కన నిలిచి మాట్లాడుట అనే భావం దాని మూలంలో ఉంది. మనం వాడే పాత తెలుగు బైబిలు ఈ పదకుటుంబాన్ని సందర్భాన్ని బట్టి వేర్వేరు మాటలతో అనువదించింది. 2 కొరింథీయులకు 1వ అధ్యాయంలో అది 'ఆదరణ'. యోహాను 14:16లో పరిశుద్ధాత్మకు వాడిన 'ఆదరణకర్త' అనే పేరు కూడా ఈ కుటుంబానిదే. అయితే అపొస్తలుల కార్యములు 4:36లో బర్నబా పేరుకు అర్థం చెప్పేటప్పుడు అదే మాట 'హెచ్చరిక' అయింది. నేటి వాడుకలో హెచ్చరిక అంటే బెదిరింపుకు దగ్గరి మాట. అందువల్ల బర్నబాను గద్దించే మనిషిగా ఊహించుకొనే ప్రమాదం ఉంది.

బర్నబా ఏమి చేశాడో చూస్తే ఆ మాటకు అర్థం తెలుస్తుంది. పొలం అమ్మి ఆ సొమ్ము తెచ్చి అపొస్తలుల పాదాల వద్ద పెట్టాడు (4:37). ఎవరూ నమ్మని సౌలును చేయి పట్టుకొని అపొస్తలుల వద్దకు తీసుకువెళ్ళాడు (9:27). తరువాత అతనిని వెదకుతూ తార్సుకు ప్రయాణం చేశాడు (11:25). మధ్యలో వదలిపోయిన మార్కుకు మరొక అవకాశం ఇచ్చాడు (15:37–39). ఇందులో మాటల పాలు తక్కువ. సొమ్ము, పూచీ, ప్రయాణం, ఓపిక – ఇవే ఎక్కువ.

1 థెస్సలొనీకయులకు 5:14 కూడా ఇక్కడ గమనించదగినది. అక్కడ పౌలు మూడు రకాల మనుష్యులను పేర్కొని మూడు రకాల పనులు చెప్పాడు. క్రమం తప్పినవారికి బుద్ధి చెప్పాలి; ధైర్యం చెడినవారిని ధైర్యపరచాలి; బలహీనులకు ఊతనివ్వాలి. రెండవ గుంపుకు వాడిన గ్రీకు మాట 'ఒలిగోప్సుఖోస్'. ప్రాణం చిన్నబోయినవాడు అని దానికి అక్షరార్థం. ఒకరికి చేయవలసింది మరొకరికి చేస్తే మందు మారిపోయినట్టే. ప్రాణం చిన్నబోయినవానికి బుద్ధి చెప్పడం మనం తరచుగా చేసే పొరపాటు.

2. కరువులో ప్రవక్త (1 రాజులు 17–18)

ఏలీయా కథ కరువు ప్రకటనతో మొదలవుతుంది. అహాబు ఏలుబడిలో బయలు పూజ పెరిగిన కాలమది. కనానీయుల నమ్మకంలో బయలు వానలిచ్చే దేవత. అందుచేత వాన ఆగిపోవడం అంటే ఆ దేవత ఉత్తదని తేలిపోవడం. ఈ కరువుకు ఆ కథలో వేదాంతపరమైన కారణం ఉన్న మాట నిజమే. రెండవ జవాబు చెప్పేవారు ఆధారం చేసుకొనేది ఇటువంటి భాగాలనే.

కానీ ఆ కరువు ఎవరెవరి మీద పడిందో గ్రంథకర్త ఓపికగా చెప్పాడు. ఏలీయా దాగి ఉన్న కెరీతు వాగు ఎండిపోయింది (17:7). దేవుని మాటకు లోబడి వెళ్ళిన చోటే నీరు కరవైంది. సారెపతులోని విధవరాలు చివరి పిడికెడు పిండితో కొడుక్కీ తనకూ ఆఖరి రొట్టె చేసుకోవాలనుకుంది (17:12). ఆమెకు అహాబు పాపంతో సంబంధం లేదు. ఆమె అతని రాజ్యపు మనిషి కూడా కాదు. దేవునికి భయపడే ఓబద్యా గడ్డి కోసం, నీటి కోసం దేశమంతా తిరిగాడు (18:3–6). అహాబు పాపానికి వచ్చిన కరువు అహాబు కంటే ముందు పేదవారి కుండలో కనబడింది. కాబట్టి ఒక మనిషి పొలం ఎండినందుకు ఆ మనిషి పాపాన్ని వెదకడానికి ఈ కథ మనకు అనుమతి ఇవ్వదు. యోబు స్నేహితులు ఆ పని చేసి దేవుని చేత తప్పు అనిపించుకున్నారు (యోబు 42:7). పుట్టుగుడ్డివాని విషయంలో శిష్యులు అదే ప్రశ్న వేస్తే ప్రభువు దాన్ని తోసిపుచ్చాడు (యోహాను 9:2–3).

వాగు పక్కన ఎండిన ఇసుక చూసిన అనుభవం మన సీమవారికి కొత్త కాదు. చిత్రావతి, పెన్న, జయమంగలి – ఇవి నదులే, కానీ ఏడాదిలో చాలా నెలలు వీటిలో ఇసుకే కనబడుతుంది. ఆ ఇసుక పక్కన నిలబడిన విశ్వాసి దేవుడు విడిచిపెట్టినవాడని అనుకోనక్కరలేదు. దేవుడు పంపినవాడే అక్కడ నిలబడ్డాడు.

3. వాన పడిన తరువాత వచ్చిన నిరుత్సాహం (1 రాజులు 19:1–8)

ఏలీయా కరువు సంవత్సరాల్లో కుంగిపోయినట్టు గ్రంథం చెప్పదు. కర్మెలు మీద అగ్ని దిగింది, జనం సాగిలపడ్డారు, చేతి అంత మబ్బు లేచి గొప్ప వాన కురిసింది. అతడు కుంగిపోయింది ఆ తరువాతే. యెజెబెలు పంపిన ఒక్క బెదిరింపు మాటకు లేచి పారిపోయాడు. బెయేర్షెబాలో తన పనివాణ్ణి విడిచిపెట్టాడు (19:3). ఒంటరిగా ఒక రోజు ప్రయాణమంత దూరం ఎడారిలోకి వెళ్ళి, ఒక చెట్టు క్రింద కూర్చుని, తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు.

ఇక్కడ కాపరి నేర్చుకోవలసిన సంగతి ఒకటుంది. కోరుకున్నది దొరికితే నిరుత్సాహం దానంతట అదే పోతుందని మనం అనుకుంటాం. వాన పడితే, గుడి కట్టడం పూర్తయితే, పిల్లవాడికి ఉద్యోగం వస్తే అంతా సర్దుకుంటుందని అనుకుంటాం. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచి వద్ద కార్ల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టినప్పుడు చుట్టుపక్కల ఊళ్ళలో చాలా ఆశలు లేచాయి. పని దొరకడం మేలే. కానీ ఏళ్ళ తరబడి మోసిన భారం దింపిన రోజే మనిషి కుప్పకూలడం కూడా ఉంది. గెలిచిన మరునాడు కూలిన ప్రవక్తను చూసి మనం ఆశ్చర్యపడనక్కరలేదు, సిగ్గుపడనక్కరలేదు.

అతడు కూర్చున్న చెట్టును తెలుగు బైబిలు 'బదరీవృక్షము' అంటుంది. బదరి అంటే రేగు. హెబ్రీలో ఉన్న మాట 'రోతెమ్'. అది ఎడారిలో పెరిగే, ఆకు దాదాపు లేని ఒక పొద. దాని నీడ చాలా పలుచన. అనువాదకులు మన చదువరులకు తెలిసిన మెట్ట నేల చెట్టు పేరును ఇచ్చారు. మండుటెండలో గట్టు మీది రేగుచెట్టు క్రింద కూర్చున్నవారికి ఆ నీడ ఎంతటిదో తెలుసు. తల మీద కొంచెం, కాళ్ళ మీద ఎండ. ఏలీయాకు దొరికింది అంతటి నీడ మాత్రమే.

అప్పుడు దేవుడు ఏమి చేశాడో వరుసగా చూద్దాం. ముందు అతన్ని నిద్రపోనిచ్చాడు. తరువాత దూత వచ్చి తట్టాడు. తల దగ్గర వేడి రొట్టె, కూజాలో నీళ్ళు ఉన్నాయి. అతడు తిని తాగి మళ్ళీ పడుకున్నాడు. దూత అతన్ని మందలించలేదు. రెండవసారి వచ్చి మళ్ళీ తట్టి, ముందున్న దారి అతని సత్తువకు మించినది గనుక తినమన్నాడు (19:5–7). ఇంతవరకు ఉపదేశం లేదు, ప్రశ్న లేదు, చనిపోవాలన్న అతని ప్రార్థనకు జవాబు కూడా లేదు. నిద్ర, రొట్టె, నీళ్ళు, ఒక స్పర్శ – ఇవే మొదటి ఆదరణ. దేవుడు మొదట అతని దేహాన్ని చూశాడు. అతని దారి కష్టమైనదని ఒప్పుకున్నాడు. నీ దారి ఏపాటిదని అనలేదు.

4. గుహలో ప్రశ్న, లెక్క, పని (1 రాజులు 19:9–21)

నలభై రోజుల నడక తరువాత, హోరేబు గుహలో, దేవుడు మొదటి ప్రశ్న వేశాడు. నీకు ఇక్కడ ఏమి పని అన్నట్టున్న ఆ ప్రశ్న అతని నోరు తెరిపించింది. ఏలీయా తన మొరను చెప్పుకున్నాడు: తాను రోషంతో సేవ చేశాడు, జనం నిబంధన విడిచారు, ప్రవక్తలు చచ్చారు, తానొక్కడే మిగిలాడు, తన ప్రాణం కూడా వెదకుతున్నారు. గాలి, భూకంపం, అగ్ని దాటిపోయి నిమ్మళమైన స్వరం వినబడిన తరువాత దేవుడు అదే ప్రశ్న మళ్ళీ వేశాడు. ఏలీయా అదే జవాబు మళ్ళీ చెప్పాడు (19:10, 14). అంత గొప్ప దర్శనం తరువాత కూడా అతని మాట మారలేదు. అయినా దేవుడు విసుగుకోలేదు. ఒకే బాధను ఒకే మాటలతో మళ్ళీ మళ్ళీ చెప్పే విశ్వాసిని చూసి విసుగుపడే కాపరి ఈ రెండు వచనాలను పక్కపక్కన పెట్టి చదువుకోవాలి.

ఏలీయా జవాబులో ఒక లెక్క తప్పుంది. నూరుమంది ప్రవక్తలను గుహల్లో దాచి పోషించిన సంగతి ఓబద్యా అతనికి స్వయంగా చెప్పాడు (18:13). అయినా తానొక్కడినే మిగిలానన్నాడు. అది అబద్ధం కాదు. నిరుత్సాహం చేసే లెక్క అలాగే ఉంటుంది. ఖాళీ చాపలు దానికి కనబడతాయి, కూర్చున్నవారు కనబడరు. దేవుడు ఈ లెక్కను సరిచేశాడు: బయలుకు మోకాళ్ళూనని ఏడువేలమంది ఉన్నారు (19:18). కానీ ఎప్పుడు సరిచేశాడు? నిద్ర తరువాత, రొట్టె తరువాత, నలభై రోజుల తరువాత, మొరను రెండుసార్లు విన్న తరువాత. మనమైతే ఏడువేల మాటను చెట్టు క్రిందే మొదటి వాక్యంగా చెప్పేవాళ్ళం. అప్పుడు అది ఆదరణ కాకుండా వాదం అయ్యేది.

లెక్క చెప్పడానికి ముందే దేవుడు పని కూడా ఇచ్చాడు: హజాయేలును, యెహూను, ఎలీషాను అభిషేకించాలి. ఇందులో ఒక విశేషముంది. ఈ మూడింటిలో ఏలీయా తన చేతులతో మొదలుపెట్టినట్టు గ్రంథం చెప్పేది ఎలీషా పిలుపు ఒక్కటే (19:19). హజాయేలు, యెహూల సంగతి ఎలీషా కాలంలో నెరవేరింది (2 రాజులు 8, 9). దేవుడు కుంగినవానికి ఇచ్చిన పని అతని ఒక్క జీవితంలో ముగిసేది కాదు. దానికి తోడు కావాలి, తరువాతి తరం కావాలి. పనివాణ్ణి వెనుక విడిచి ఒంటరిగా ఎడారికి వచ్చినవాడు దున్నే పొలంలో ఒక యువకుని భుజాల మీద దుప్పటి వేయడంతో అధ్యాయం ముగిసింది. ఈ క్రమం – విశ్రాంతి, ఆహారం, వినడం, పని, తోడు – కాపరి పరిచర్యకు దేవుడే చూపిన మాదిరి.

పౌలు అనుభవం కూడా దీనికి సాక్ష్యం. ఆసియలో బ్రదుకు మీద ఆశ వదులుకున్నానని అతడు దాచకుండా రాశాడు (2 కొరింథీయులకు 1:8). మాసిదోనియకు వచ్చాక వెలుపల పోరాటాలు, లోపల భయాలు ఉన్నప్పుడు దీనులను ఆదరించే దేవుడు తీతు రాకవలన తనను ఆదరించాడన్నాడు (7:5–6). ఆకాశం నుండి స్వరం రాలేదు. ఒక స్నేహితుడు వచ్చాడు. ఆ రాకనే పౌలు దేవుని ఆదరణ అన్నాడు.

5. తెలుగు సంఘ చరిత్ర నుండి ఒక నిదర్శనం

ఈ సంగతులు లేఖనకాలానికే పరిమితం కాదు. తెలుగు నేల మీద సువార్త పని ఆరంభదశ అంతా నిరుత్సాహపు చరిత్రే. లండన్ మిషనరీ సొసైటీ తరఫున 1805లో విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్ 1809లో, అగస్టస్ డేగ్రాంజ్ 1810లో మరణించారు. డేగ్రాంజ్ పని చేసిన తెలుగు సువార్తల అచ్చు 1812లో శ్రీరాంపురంలో జరిగింది. అచ్చయిన పుస్తకాన్ని అతడు చూడలేదు.

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను కథ ఇంకా స్పష్టమైనది. శామ్యూల్ డే 1836లో ఇండియాకు వచ్చి 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ళు గడిచినా విశ్వాసులు కొద్దిమందే. మిషనును మూసివేయాలన్న ప్రస్తావన స్వదేశంలో ఒకసారి కాదు, పదే పదే వచ్చింది. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన వార్షిక సభలో పటం మీద ఒంటరిగా కనబడే నెల్లూరును 'ఒంటరి నక్షత్రం' అన్నారు. ఆ పేరు మీద శామ్యూల్ స్మిత్ రాసిన పద్యం సభ మనసును మార్చడంలో పాలుపంచుకుంది. అదే సంవత్సరం డే ఆరోగ్యం చెడి శాశ్వతంగా తిరిగి వెళ్ళిపోయాడు.

1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండ మీద ఐదుగురు ప్రార్థించారు. వారు లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, నరసు అనే తెలుగు విశ్వాసి, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు తెలుగువారు అన్నది మరచిపోరాదు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని వారు అడిగారు. జవాబు వెంటనే రాలేదు. 1862లో మూసివేత మాట మళ్ళీ వచ్చింది. అప్పుడు సెలవుపై అమెరికాలో ఉన్న జ్యూయెట్, మిషను పంపినా పంపకపోయినా తాను తెలుగువారి మధ్యకే తిరిగి వెళ్తానని పట్టుబట్టాడు. జాన్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. కొండ మీది ప్రార్థనకు, ఆ జవాబుకు మధ్య పన్నెండేళ్ళు గడిచాయి. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో ఏర్పడింది.

తరువాత 1876–78 కరువు వచ్చింది. ధాతు నామ సంవత్సరంలో మొదలైనందున జనం దాన్ని ధాత కరువు అన్నారు. నేటి అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల నేలలో చాలా భాగం అప్పుడు బళ్ళారి జిల్లాలో ఉండేది (అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది). ఆ కరువు బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను అతి తీవ్రంగా దెబ్బతీసింది. ఒంగోలు ప్రాంతంలో క్లౌ ఏమి చేశాడు? యౌవనంలో భూసర్వే పని నేర్చినవాడు గనుక, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని గుత్తకు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవారికి పని, కూలి దొరికాయి. ఆయన ప్రసంగీకులే మేస్త్రీలుగా వారి మధ్య తిరుగుతూ, వారి గోడు వింటూ, సువార్త చెప్పారు. అయితే సహాయం సాగుతున్నంతకాలం ఆయన బాప్తిస్మాలు నిలిపివేశాడు. అన్నం కోసం మతం అన్న నింద రాకూడదు, ఆకలిని ఆసరాగా తీసుకోకూడదు అన్నది ఆయన ఉద్దేశం. సహాయం ముగిసిన తరువాత కూడా జనం వచ్చారు. వారిలో మాదిగలు అధికం. 1878 జూలై 3న గుండ్లకమ్మ నది వద్ద వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ చరిత్రను మనం సాధారణంగా 2,222 అనే సంఖ్య కోసం చెప్పుకుంటాం. నిరుత్సాహంలో ఉన్న కాపరికి ఆ సంఖ్య మేలు చేయకపోవచ్చు. తన సంఘంలోని ఇరవై రెండు మందిని చూసి ఇంకా కుంగిపోవచ్చు. అంతకంటే ఆ సంఖ్య వాగ్దానం కాదు. ఓపిక పట్టిన ప్రతి సేవకునికీ అటువంటి రోజు వస్తుందని లేఖనం చెప్పదు. శామ్యూల్ డే ఆ రోజును చూడకుండానే 1871లో కన్నుమూశాడు. అతని పని వ్యర్థమా? ఏలీయాకు ఎలీషా ఉన్నట్టే డే తరువాత జ్యూయెట్, జ్యూయెట్ తరువాత క్లౌ ఉన్నారు. వారితోపాటు నరసు, జూలియా, రూతు ఉన్నారు. మనం నేర్చుకోవలసింది పంట పరిమాణం కాదు, పని చేసిన తీరు: ఆకలిగొన్నవారికి ముందు కూలి, కూడు, తరువాతే మిగతావి.

6. రెండు జాగ్రత్తలు

మొదటిది, విలాపాన్ని అవిశ్వాసమని పిలువకూడదు. కీర్తనల గ్రంథంలో విలాప కీర్తనలు చాలా ఉన్నాయి. 42, 43 కీర్తనల్లో కీర్తనకారుడు తన ప్రాణాన్ని తానే మూడుసార్లు ప్రశ్నించుకొని దేవుని మీద ఆశ పెట్టుకొమ్మని చెప్పుకున్నాడు (42:5, 11, 43:5). ఒక్కసారి చెప్పుకుంటే సరిపోలేదు. 88వ కీర్తన చీకటి అనే మాటతోనే ముగుస్తుంది. చివర స్తుతి లేదు. అటువంటి ప్రార్థన కూడా పరిశుద్ధ గ్రంథంలో చోటు పొందింది. మన ఆరాధనలో స్తుతి గీతాలకు మాత్రమే చోటిచ్చి విలాపానికి తలుపు మూస్తే, పంట పోయినవాడు దేవుని సన్నిధిలో నోరు మూసుకొని కూర్చోవలసి వస్తుంది. ఏలీయా తన చావు కోరికను కూడా దేవునితోనే చెప్పుకున్నాడు, అది ప్రార్థనే.

రెండవది, చనిపోతే బాగుండునని ఎవరైనా అంటే దాన్ని మాటవరుసగా తీసుకోకూడదు. అప్పుల పాలైన రైతుల ఆత్మహత్యలు మన సీమ చూసిన దుఃఖం. కాపరి ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. పురుగుమందు వంటివి అందకుండా ఇంటివారికి చెప్పాలి. ప్రార్థనతోపాటు వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నెంబరుపై ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. ఎడతెగని నిద్రలేమి, ఆకలి లేకపోవడం, ఏ పని మీదా మనసు లేకపోవడం వ్యాధి లక్షణాలు కావచ్చు. మందు వాడడం విశ్వాసలోపం కాదు. దూత తెచ్చినది రొట్టె, నీళ్ళు. దేవుడు తన మేలును వస్తువుల ద్వారా, మనుష్యుల ద్వారా కూడా పంపుతాడు.

7. అన్వయం: సోమందేపల్లె వంటి సంఘాలకు

(అ) వాక్యానికి ముందు వంట. ఎవరి ఇంట్లో పొయ్యి వెలగలేదో తెలుసుకోవడం ప్రసంగ సిద్ధపాటులో భాగం కావాలి. ప్రతి ఇంటా వండే ముందు గుప్పెడు బియ్యం తీసిపెట్టి వారానికోసారి సంఘంలో కూడబెడితే, పేద సంఘం కూడా మరొక పేద ఇంటిని ఆదుకోగలదు. ఎవరికిచ్చారో చాటింపు వేయకూడదు. దానికి బదులుగా హాజరు అడగకూడదు. క్లౌ పాటించిన నియమం నేటికీ అవసరమే.

(ఆ) వినడానికి వెళ్ళడం. పంట పోయిన ఇంటికి వెళ్ళినప్పుడు తొందరగా వాక్యం తెరవనక్కరలేదు. కట్ట మీద కూర్చుని ఎన్ని ఎకరాలు, ఎంత అప్పు, ఎవరి దగ్గర అని అడిగి వినడం గుహలో దేవుడు వేసిన ప్రశ్న వంటిదే. రెండవసారి వెళ్ళినప్పుడు అదే మాట చెబితే మళ్ళీ వినాలి. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా నేల మీద కూర్చున్నంతకాలం మంచి స్నేహితులే (యోబు 2:13).

(ఇ) వలస వెళ్ళినవారిని లెక్కలో ఉంచడం. బెంగళూరులో గుడారాల్లో, రేకుల షెడ్లలో ఉంటున్నవారు సంఘం వదలినవారు కారు. వారి పేర్లు ఆరాధనలో చదివి ప్రార్థించవచ్చు. నెలకోసారి ఫోను చేయవచ్చు. వారున్న చోట తెలుగు సంఘం ఉంటే పరిచయం చేయవచ్చు. కాపరి లెక్కలో ఖాళీ చాప కూడా ఒక మనిషి పేరే.

(ఈ) కుంగినవారికి చేయగల పని ఇవ్వడం. ఊరికే కూర్చోబెట్టి ఓదార్చడం కొంతకాలమే మేలు. పిల్లలకు పాటలు నేర్పడం, మంచాన పడినవారికి నీళ్ళు తెచ్చిపెట్టడం, గుడి శుభ్రం చేయడం – ఇవి చిన్న పనులే. ఇంకా నీతో పని ఉంది అనే మాట వినడమే కొందరికి లేచే బలం.

(ఉ) కాపరికి కాపరి. ఇది అందరికంటే కష్టమైనది. ధైర్యం చెప్పవలసినవాడు తన అధైర్యాన్ని ఎవరితో చెప్పుకోవాలి? సంఘంతో చెబితే సంఘం కుంగుతుందని భయం. పెద్దలతో చెబితే పిలుపు లేదంటారేమోనని భయం. అందుకే దగ్గరి ఊళ్ళ కాపరులు, శాఖాభేదం చూడక, నెలకు ఒక పూట కలుసుకోవాలి. సభ కోసం కాదు, కానుకల లెక్క కోసం కాదు; కలిసి భోంచేయడానికి, ఒకరి కోసం ఒకరు పేరు పెట్టి ప్రార్థించడానికి. వారంలో ఒక రోజు విశ్రాంతి తీసుకోవడానికి సిగ్గుపడకూడదు. ఏలీయాను దేవుడు రెండుసార్లు నిద్రపోనిచ్చాడు. పౌలు చెరసాల నుండి అంగీ, పుస్తకాలు అడిగి, చలికాలం రాకముందే వచ్చేయమని తిమోతికి రాశాడు (2 తిమోతికి 4:13, 21). అపొస్తలునికి దుప్పటి, స్నేహితుడు అవసరమైతే మనకు అవసరం కాదా?

ముగింపు

హబక్కూకు 3:17–18లో ప్రవక్త తన కాలపు పంటలను ఒక్కొక్కటిగా పేర్కొన్నాడు: అంజూరం, ద్రాక్ష, ఒలీవ, పొలంలో పైరు, దొడ్డిలో గొర్రెలు, సాలలో పశువులు. అవి అన్నీ లేకపోయినా తన రక్షణకర్త అయిన దేవునియందు ఆనందిస్తానన్నాడు. ఆ లెక్క దాటవేయకుండా పూర్తిగా చెప్పిన తరువాతే అతడు ఆనందం గురించి మాట్లాడాడు. సోమందేపల్లెలో ప్రసంగించే కాపరి ఆ జాబితాలో వేరుశనగను, రాగిని, ఎండిన బోరును, వలస వెళ్ళిన కొడుకును చేర్చి చదవాలి. నష్టాన్ని పేరు పెట్టి పిలువకుండా చెప్పే ధైర్యం విన్నంతసేపే ఉంటుంది.

సిలువ మీద మన ప్రభువు తాను విడువబడినట్టు మొరపెట్టాడు (మార్కు 15:34). ఆ మొర పెట్టినవానినే దేవుడు మూడవ దినాన లేపాడు. అందుచేత క్రైస్తవుని ధైర్యం వాన మీదా, సంఖ్య మీదా, మన మనోబలం మీదా ఆధారపడినది కాదు. కుంగినవారి దగ్గరకు రొట్టె పట్టుకొని వచ్చే దేవుని మీద అది ఆధారపడి ఉంది. ఆ రొట్టె పట్టుకొని వెళ్ళడమే మనకు అప్పగించిన పని. వచ్చే ఆదివారం ప్రసంగం సిద్ధపరచుకొనే ముందు, మన సంఘంలో ఎవరు ఏ చెట్టు క్రింద కూర్చున్నారో ఒకసారి వెళ్ళి చూద్దాం. మనమే అక్కడ కూర్చుని ఉంటే, పక్క ఊరి కాపరికి ఒక్క మాట చెప్పి పంపుదాం.